అత్త నోట్లో రాగి పైసా

మా మేనత్తకు మరాఠీ వచ్చన్న సంగతి మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు. షోలాపూర్‌లో ఉంటున్న మనిషికి మరాఠీ రావడం నేరమేమీ కాదు. కానీ మా ఇంట్లో రోజుకు ఒక అరగంట సంతోషం ఆ సంగతి బయటపడకపోవడం మీద ఆధారపడి ఉండేది. అందుకని నేను నోరు మూసుకుని, నా శక్తికొద్దీ ఆ సంతోషానికి కాపలా కాశాను.

ఆ అరగంట, రాత్రి భోజనాలకు ముందు వచ్చే మరాఠీ సీరియల్‌ది. దాజీ పేట్‌లో మా ముందుగదిలో ఒక పక్క టీవీ, ఇంకో పక్క అత్త. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ. ఆమె బీడీలు చుడుతూ ఉంటుంది. ఇద్దరి మధ్య అమ్మ. అమ్మ పని అత్తకు సీరియల్ అర్థం చేయించడం. మామ పోయాక అత్త సిరిసిల్ల నుంచి మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో, "నాకు మరాఠీ రాదు వదినె" అంది. అప్పుడది నిజమే. "నేను లేనా?" అంది అమ్మ. ఆ మాట మీద అమ్మ ఇప్పటికీ నిలబడే ఉంది.

అమ్మ మరాఠీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కూరగాయల బజారులో ఆమె మరాఠీకి ఎదురు లేదు. కొత్తిమీర ఊరికే వేయించుకోవడానికి ఎంత భాష కావాలో అంతా ఆమె దగ్గర ఉంది. అయితే సీరియల్ వాళ్ళు కొత్తిమీర ప్రస్తావన తేరు. పెద్ద సోఫాల్లో కూర్చుని, పుణె వాళ్ళ మరాఠీలో, ఏడుస్తూ గబగబా మాట్లాడతారు. ఆ వేగంలో అమ్మకు అందేది పావు వంతు. మిగతా ముప్పావు ఆమె సొంతంగా సమకూర్చేది. వకీలు వచ్చి వీలునామా చదివితే, అమ్మ లెక్కలో అతను పెళ్ళి సంబంధం తెచ్చిన మనిషి. ఫ్యాక్టరీ దివాళా తీసిందని భర్త తల పట్టుకుంటే, "పొద్దుగాల చాయ్ తాగలేదట, తల నొస్తుంది" అని అమ్మ తీర్పు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముసలాయన వ్యవహారం. ఆయన హీరోయిన్ మామగారు. సీరియల్లో వానాకాలంలో చనిపోయాడు. ఆ ఘడియకు అమ్మ చాయ్ దింపడానికి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గోడ మీద దండ వేసిన ఫొటో కనిపించింది. అమ్మ ఏమాత్రం తడుముకోలేదు.

"ముసలాయన బర్త్‌డే. మనిషేమో ముంబై పోయిండు. గందుకే ఫొటోకు దండేసిన్రు."

"ఔనా వదినె? ముంబైల ఏం పని?" అంది అత్త, దారం ముడి వేస్తూ.

"ఫ్లాట్ కొంటుండు."

ఆ తర్వాత నెలల తరబడి అమ్మ ఆయన క్షేమ సమాచారాలు చెబుతూనే ఉంది. ఫ్లాట్ కొన్నాడు. సముద్రపు గాలికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. తెర మీద ఇంటిల్లిపాదీ ఆయన ఫొటో ముందు ఏడుస్తుంటే, "ఫోన్ జేస్తలేడని రంది" అని అమ్మ చెప్పేది. ఆయన ప్రవర్తన అత్తకు నచ్చలేదు. "గింత పెద్దమనిషి, ఒక్క ఫోన్ జెయ్యరాదా?" అని నొచ్చుకునేది.

ఇదంతా వింటూ, పాపం అత్త, అని నేనూ అనుకునేవాణ్ణి. ఒకరోజు కొంతం చౌక్‌లో ఆటోవాడితో ఆమె పోట్లాట చూసేవరకు. అతను బేరం మాట తప్పాడు. అత్త అతనికి మరాఠీలో, ఎక్కడా ఆగకుండా, అతని పుట్టుక దగ్గర మొదలుపెట్టి ఆటో వెనక చక్రం దాకా వివరించింది. చుట్టూ మూగిన వాళ్ళు ముచ్చటపడ్డారు. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"అల్లుడా, గిది మీ అమ్మకు జెప్పకు."

"ఎప్పుడు నేర్చుకున్నవత్తా?"

"బీడీలు అప్పజెప్పవోతే కార్ఖానాల అందరు గదే మాట్లాడుతరు. ఎన్నేండ్లని రాకుంటది?"

"మరి సీరియల్?"

అత్త నా చేయి పట్టుకుని పక్కకు లాక్కుపోయింది. "అంత తెలుస్తది. వదినె జెప్పేదాంట్ల ఒక్క ముక్క గూడ ఆ సీరియల్ల లేదు. గని ఆల్లు తీసిందాని కంటె వదినె జెప్పేదే మస్తుంటది. నాకు మరాఠీ వస్తదని తెలిస్తే ఆమెకు సిగ్గయితది, చెప్పుడు బంద్ జేస్తది. నాకు సీరియల్ అక్కర లేదు అల్లుడా. వదినె చెప్పుడు గావాలె."

అలా నేను కాపలాదారునయ్యాను.

కొంతకాలం అంతా సవ్యంగా సాగింది. తర్వాత అత్త కుడిచేతి వేళ్ళు రెండు మొరాయించాయి. మడిస్తే మడుచుకునేవి, తెరిస్తే రావు. ఎడమచేత్తో లాగితే 'టక్'మని లేచేవి. ఏళ్ళ తరబడి బీడీ మూతి మడిచిన వేళ్ళు మరి. హోట్గి రోడ్‌లో ఒక చిన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చిన్న ఆపరేషన్, వేళ్ళ దగ్గర మొద్దుబారేలా సూది వేసి చేసేస్తాం, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు అన్నారు. అత్తకు కత్తి అన్న మాట వింటేనే బీపీ పెరుగుతోంది కాబట్టి భయం తెలియకుండా పైన కొంచెం మత్తు కూడా ఇస్తామన్నారు.

కత్తిని అత్త తట్టుకునేదేమో. మత్తు మాట వినగానే ఆమె ముఖం పాలిపోయింది. ఇంటికి వచ్చాక నన్ను మెట్ల కిందికి పిలిచింది.

"మత్తుల మనిషి ఏది వడితే అది మాట్లాడుతడట గదా?"

ఆ భయానికి ఆధారం ఉంది. మా వెనకింటి మామ హెర్నియా ఆపరేషన్ తర్వాత, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, తన భార్య వంట గురించి పెళ్ళయినప్పటి నుంచి దాచుకున్న అభిప్రాయం వార్డు మొత్తానికి వినిపించాడు. ఆపరేషన్ విజయవంతమైంది. ఆయన ఇప్పుడు హోటల్లో తింటున్నాడు.

"నీకిచ్చేది తక్కువే అత్తా. పది నిమిషాల్ల లేస్తవ్."

"పది నిమిషాలు ఊకుంట," అంది అత్త, జైలుకు పోయేవాళ్ళ ధైర్యంతో. "అంతకంటె ఎక్కువైతే నా తోని గాదు."

ఈలోగా అమ్మకు కరోనా వచ్చింది. ఊరంతా దాన్ని మరిచిపోయాక తీరుబడిగా వచ్చింది. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి డాక్టరు వైరస్ మందు రాశాడు. అట్టపెట్టెలో అయిదు రోజుల కోర్సు. పూటకు రెండు గులాబీ రంగు మాత్రలు, ఒక తెల్ల మాత్ర. అమ్మను మేడ మీది గదిలో ఉంచాం. టీవీ కింద, అమ్మ పైన. అయినా కథ ఆగలేదు. సీరియల్ మొదలవగానే అమ్మ పైనుంచి అత్తకు ఫోన్ చేసి, తెర చూడకుండానే చెప్పేది. ముసలాయన ముంబైలో ఒక పడవ కూడా కొన్నది ఆ రోజుల్లోనే. కథ అప్పుడున్నంత జోరుగా మళ్ళీ ఎప్పుడూ లేదని అత్త అంటుంది.

మూడు రోజులకు అమ్మ జ్వరం పోయింది. మాత్రలు కూడా మానేసింది. "నోట్ల రాగి పైసా వెట్టుకున్నట్టుంది. అన్నం గూడ అదే రుచి, చాయ్ గూడ అదే రుచి. నాకద్దు" అంది. కోర్సు పూర్తి చేయాలని నేను బతిమాలాను. పెట్టె మాత్రం దేవుడి పటాల పక్కకు చేరింది. మా ఇంట్లో విలువైన వస్తువుల స్థానం అదే. ఆ తర్వాత నేను దాన్ని మరిచిపోయాను. అమ్మ పూర్తిగా కోలుకుని కిందికి దిగాక, అత్త ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకున్నాం.

ఆ రోజు పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. అమ్మ వద్దంటే వినలేదు. "దానికి మరాఠీ రాదు. డాక్టర్లు అడిగితే ఎవలు జెప్పాలె?" అంది. అత్త నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

మత్తు డాక్టరు పాతికేళ్ళు దాటిన మరాఠీ అమ్మాయి, చలాకీ మనిషి. ఓపిగ్గా అడిగింది: ఏమైనా తిన్నారా, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, మాత్రలేమైనా వాడుతున్నారా. ప్రతి ప్రశ్నా అమ్మ తెలుగు చేసింది. బజారు మరాఠీకి దగ్గరగా ఉన్నాయి కాబట్టి అన్నీ సరిగ్గానే చేసింది.

"నువ్ గోలీలేం మింగుతవని అడుగుతుంది."

"బీపీది ఒక్కటే," అంది అత్త.

లోపలికి తీసుకుపోయారు. ఎంతోసేపు పట్టలేదు. సర్జన్ బయటికి వచ్చి, వేళ్ళు రెండూ తేలిగ్గా తెరుచుకుంటున్నాయని చెప్పాడు. అమ్మ దేవుడికి దండం పెట్టింది. నేను గడియారానికి పెట్టాను.

పది నిమిషాలు గడిచాయి. అత్త లేవలేదు. తర్వాతి పది కూడా గడిచాయి. మమ్మల్ని మంచం దగ్గరికి పిలిచారు. అత్త హాయిగా పడుకుని ఉంది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, వేలికి క్లిప్పు, పక్కన మిషన్. మత్తు డాక్టరు మిషన్‌నూ అత్తనూ మార్చి మార్చి చూస్తోంది. "శ్వాస బాగానే ఉంది. ఇచ్చింది చాలా తక్కువ డోసు. ఇప్పటికి లేవాలి" అంది నాతో. తర్వాత వంగి, "మావ్‌శీ, డోళే ఉఘడా" అంది. కళ్ళు తెరవండి పిన్నీ, అని.

అత్త కళ్ళు మూసుకునే, చిరునవ్వుతో జవాబిచ్చింది. "ఉఘడతే గం. ఘాయీ కాయ్ ఆహే?"

తెరుస్తానే పిల్లా, తొందరేముంది, అని. ఆ 'గం'లో ఎంత చనువు పలకాలో అంతా పలికింది.

అమ్మ నన్ను చూసింది. "గిదేంది?"

"మత్తమ్మా," అన్నాను.

"మత్తుల మరాఠీ వస్తదా?"

కొందరికి రావచ్చు అనబోయాను. కానీ అత్త నాకు అవకాశం ఇవ్వలేదు. డాక్టరు పిల్ల చేయి పట్టుకుని, శుద్ధమైన మరాఠీలో, ఆ సీరియల్ కథ మొదటి నుంచి ఎత్తుకుంది. వకీలు, వీలునామా, దివాళా తీసిన ఫ్యాక్టరీ, అన్నీ వరసగా వచ్చాయి. మధ్యలో కునుకు తీసేది. లేచి, ఆపిన చోటునుంచే అందుకునేది. పక్క మంచం పేషెంటు తలగడ ఎత్తు చేసుకుని వింటున్నాడు. "అత్తా, పడుకో" అని నేను బతిమాలాను. "నువ్ ఊకో అల్లుడా, ఇంకా అసలు కథ రాలే" అని నన్ను తెలుగులో కసిరి మళ్ళీ మరాఠీలోకి వెళ్ళిపోయింది. అసలు కథ వచ్చింది. అత్త డాక్టరు చెవి దగ్గరకు జరిగి, వార్డంతా వినిపించే గుసగుసతో అంది:

"మ్హాతారా మేలా కీ హో! పణ్ ఆమ్‌చ్యా ఘరీ తో ముంబయీలా ఆహే."

ముసలాయన చచ్చిపోయాడు కదండీ. కానీ మా ఇంట్లో ఆయన ముంబైలో ఉన్నాడు. ఇంత మరాఠీ అమ్మకు వచ్చు. బజారులో కూడా వాడే మాటలే అన్నీ. అమ్మ ముఖంలోకి చూడాలంటే నాకు భయం వేసింది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ గోడను చూస్తోంది. పక్క మంచం పేషెంటు ఒక్కడే పడీ పడీ నవ్వుతున్నాడు. నర్సు అతన్ని కుట్లు ఊడతాయని హెచ్చరించింది.

డాక్టరుకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత చిన్న డోసు ఇంతసేపు ఎందుకుంటోందని నన్నూ అమ్మనూ మళ్ళీ అడిగింది. వేరే మాత్రలేమీ లేవా? నిద్రమాత్రలు? నాటు మందులు? లేవన్నాం. అప్పుడు అత్త పెదవులు చప్పరించి, మొహం చిట్లించి, ఈసారి తెలుగులో అంది.

"నా నోట్ల పైసా ఎవల్ వెట్టిన్రు? థూ... రాగి పైసా."

అమ్మ గోడ మీదనుంచి చూపు తిప్పింది. కోపంగా ఉన్న మనిషి కోపం మరిచిపోయి లేచి నిలబడింది. "అరేయ్, గది నా రుచి!" అంది. "నా గోలీల రుచి! గిదెక్కడికెల్లొచ్చే దీని నోట్లకు?"

అత్త నడుముకు కట్టుకునే చంచి ఆపరేషన్‌కు ముందు నా చేతికిచ్చింది. విప్పి చూశాను. వక్కలు, సున్నం డబ్బీ, వాటి పక్కన ఖాళీ అయిన మాత్రల అట్టలు. రెండు రోజులవి. ఆఖరి పూట ఆ రోజు తెల్లవారుజామున.

డాక్టరు అట్టను వెలుతురులో పెట్టి పేరు చదివి, ఊపిరి వదిలింది. కుర్చీ లాక్కుని కూర్చుని మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఈ కోర్సులో వైరస్‌తో కొట్లాడేది గులాబీ మాత్రలు. తెల్ల మాత్ర కొట్లాడదు. లివర్‌లో మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే పని ఒకటి నడుస్తుంటుంది. తెల్ల మాత్ర ఆ పనిని ఆపేస్తుంది, గులాబీ మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలవాలని. అయితే ఆ పని ఆగిపోతే నిలిచిపోయేవి గులాబీ మాత్రలు ఒక్కటే కాదు. తను ఇచ్చిన మత్తుమందు కూడా అదే దారిన బయటికి పోవాలి. బీపీ మాత్ర కూడా అంతే, అందుకే బీపీ కొంచెం కిందికి దిగింది.

నేను మిల్లుల ఊరి మనిషిని కాబట్టి నా పద్ధతిలో అర్థం చేసుకున్నాను. లివర్‌లో హర్తాళ్. తెల్ల మాత్ర యూనియన్ లీడరు. గేటు మూసేశాడు. పది నిమిషాల పని మీద లోపలికి వెళ్ళిన మత్తు బయటికి రాలేక, లోపలే కూర్చుని అత్త చేత కబుర్లు చెప్పిస్తోంది.

"ఎక్కువ డోసు ఇచ్చి ఉంటే?" అని అడిగాను.

"శ్వాస మందగించేది," అంది డాక్టరు. "విరుగుడు ఉంది, సిద్ధంగానే పెట్టుకున్నాను. ఇప్పటికైతే అవసరం లేదు. దానంతట అది దిగేదాకా నా కళ్ళ ముందే ఉండాలి." ఆ మాటకు నాకు నవ్వు పోయింది. అమ్మ వెళ్ళి అత్త తల దగ్గర కూర్చుంది. అత్త నుదుటి మీద చేయి వేసింది. మరాఠీ సంగతి ఎత్తలేదు.

ఎండ వాలేసరికి అత్త పూర్తిగా లేచింది. కట్టు కట్టిన చేయి చూసుకుని, వేళ్ళు కొంచెం కదిపి సంతోషపడింది. అమ్మ చాయ్ కోసం బయటికి వెళ్ళగానే నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏమన్న మాట్లాడిన్నా?"

"కొంచెం."

"ఏ భాషల?"

"రెండిట్లత్తా."

అత్త కళ్ళు మూసుకుంది. ఈసారి మత్తు కాదు. "ముసలాయన?" అంది.

"చచ్చిపోయిండు."

ఇంతలో డాక్టరు వచ్చి, ఆ మాత్రలు ఎందుకు మింగారని అడిగింది. ఇక దాచేదేమీ లేదు కాబట్టి అత్త మరాఠీలోనే బదులు చెప్పింది. ఆస్పత్రిలో రోగాలు తిరుగుతుంటాయి కదా, ముందే మింగితే అంటవనుకుంది. అదీగాక వదినె సగంలో వదిలేసిన కోర్సు. సిరిసిల్లలోనూ ఇక్కడా ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే. మగ్గం మీద సగం నేసిన గుడ్డను ఎవరూ కోసి పారేయరు. పగటి పాళీ వాడు ఎక్కడ ఆపితే రాత్రి పాళీ వాడు అక్కడ అందుకుంటాడు. వదినె పాళీ అయిపోయింది, ఆడబిడ్డ పాళీ మొదలైంది.

"మరి పొద్దున అడిగితే చెప్పలేదేం?" అంది డాక్టరు.

"నా గోలీలేవని అడిగినవ్. నావి నేను జెప్పిన. గవి వదినెవి గదా?"

డాక్టరు ఆ జవాబు అత్త కేసు కాగితంలో రాసుకుంది. ఇకనుంచి 'మీవైనా, మీ ఇంట్లో ఎవరివైనా' అని అడుగుతానంది.

ఇంటికి వచ్చేసరికి సీరియల్ వేళ దగ్గరపడింది. అమ్మ ముందుగదిలో కూర్చుంది. టీవీ పెట్టలేదు. అత్త తన చోట కూర్చుంది, ఒళ్ళో చాట లేకుండా. కట్టిన చేయి దిండు మీద పెట్టుకుంది. ఎప్పుడూ మగ్గాల షెడ్డు నుంచి రాగానే టీవీ శబ్దం గురించి విసుక్కునే నాన్న, ఆ నిశ్శబ్దానికి భయపడి చెప్పులు కూడా విడవకుండా మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. నేను ఒక పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అది తిరగేసి పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

"ఎన్నేండ్ల సంది?" అంది అమ్మ చివరికి.

"మస్తు రోజులైంది వదినె."

"నేను తప్పులు జెప్తుంటె నవ్వుకున్నవా?"

"లేదు."

"ముసలాయన సచ్చిన నాడు గూడ?"

"ఆనాడు జర నవ్వొచ్చింది," ఒప్పుకుంది అత్త. "గని వదినె, ఆల్లే తప్పు తీసిన్రు. గంత మంచి ముసలాయనను ఎందుకు సంపాలె? నువ్ బతికించినవ్. పడవ గూడ కొనిచ్చినవ్."

 అమ్మ బిగించిన పెదవులు ఒక చివర వదులయ్యాయి, మళ్ళీ బిగుసుకున్నాయి. లేచి లోపలికి వెళ్ళింది. పోయింది, ఇక అయిపోయింది, అనుకున్నాను. అత్త కట్టు మీది దారం పీకుతూ కూర్చుంది. అమ్మ తిరిగి వచ్చింది. చేతిలో గిన్నె. కలిపిన పెరుగన్నం. అత్త కుడిచేయి పనిచేయదు కదా. ఆమె ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టింది.

"ఇంకా పైసా రుచేనా?"

"ఆఁ. గని అన్నం మంచిగుంది."

"అబద్ధాలు మంచిగ నేర్చినవే."

రెండో ముద్ద తర్వాత అమ్మ ఎడమచేత్తో రిమోట్ తీసి టీవీ పెట్టింది. సీరియల్ అప్పటికే సగంలో ఉంది. సోఫాలు, కన్నీళ్ళు, గబగబా పుణె మరాఠీ. అత్త బిగుసుకుపోయింది. అమ్మ ఒక్క క్షణం తెరను పరీక్షగా చూసి, రిమోట్ మీద ఇంకో మీట నొక్కింది. శబ్దం పూర్తిగా ఆగిపోయింది. తెర మీద అందరూ నోళ్ళు తెరుస్తూ మూస్తున్నారు. మా గదిలో వినిపిస్తున్నది గిన్నెలో అమ్మ చేతి చప్పుడొక్కటే.

అత్త నోరు ఖాళీ చేసుకుంది. గొంతు సవరించుకుంది.

"వదినె," అంది, "ముంబై పోయినాయన ఎప్పుడొస్తడు?"

అమ్మ ఇంకో ముద్ద కలుపుతూ, తెర మీద దండ వేసిన ఫొటో వైపు తలెత్తి చూసింది.

"తొవ్వల ఉన్నడట," అంది. "పడవల వస్తుండు."